అంటు కట్టే చేతికి అద్దాల పని

ప్రశ్న: మాది కడియం. ఐటీఐ చదివి నర్సరీలో అంట్లు కడుతున్నాను. హైదరాబాద్‌లో వచ్చే కళ్లజోళ్ల ఫ్యాక్టరీలో నాలాంటివాళ్లకు పని దొరుకుతుందా?

జవాబు: ప్రయత్నించండి. 2024 డిసెంబరులో కళ్లజోళ్ల సంస్థ లెన్స్‌కార్ట్ తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. హైదరాబాద్ శివారు ఫ్యాబ్ సిటీలో 1,500 కోట్ల రూపాయల పెట్టుబడి, సుమారు 2,100 ఉద్యోగాలు అన్నారు. అవన్నీ ఒక్కసారే రావు. ముందు కట్టడం, తర్వాత యంత్రాలు, ఆపైనే మనుషులు.

లెన్సు అంచు కోసేది యంత్రమే. కానీ సిలిండర్ పవరున్న లెన్సు ఫ్రేములో కొన్ని డిగ్రీలు పక్కకు తిరిగినా చూపు మసకే. దాన్ని పవరు కొలిచే లెన్సోమీటరు మీద పెట్టి తనిఖీ చేయాలి. బెరడుకు బెరడు కలిసేలా అంటు కూర్చే మీ చేతికి ఈ ఓపిక కొత్తది కాదు. అప్రెంటిస్ అవకాశాలు చూస్తూ ఉండండి. ఉద్యోగం ఇప్పిస్తామనే దళారులకు మాత్రం రూపాయి ఇవ్వకండి.