వడగాడ్పు – మట్టికుండ నేర్పు పాఠము

ఓరుగల్లు సీమలో వేసవి యెట్లుండునో మన పాఠశాలలోని చిన్న తరగతి బాలునకును దెలియును. మార్చి నెల నడుమ ఒంటిపూట బడులు మొదలగును. ఏప్రిలు కడపట సెలవు లిత్తురు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు చెప్పుదురు. ఇంత తెలిసియు, వడదెబ్బ యన నేమి, అది మనుష్యుని ప్రాణము నెట్లు తీయును, దాని నాపుట కేమి చేయవలెను అని యడిగినచో సరిగ చెప్పగలవారు కొలదిమందియే. ఈ తెలియమి వలన తప్పింపదగిన మరణములు కలుగుచున్నవి. కావున ఆ విషయమును క్రమముగ విచారింతము.

మన సీమలో నెండ లేల మెండు?

వరంగల్లు భూమధ్యరేఖకు ఉత్తరముగ సుమారు 18 డిగ్రీల యక్షాంశమున నున్నది. మే నెల రెండవ వారమున మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగ మన నడినెత్తిమీదికి వచ్చును. ఆ కాలమున ఆకాశమున మేఘము లుండవు. సముద్రపు చల్లగాలి యింత దూరము రాజాలదు. మధ్యభారతమున కాగిన నేలమీదుగ వాయవ్య దిక్కునుండి పొడిగాలి వీచును. మన చుట్టునున్న నల్లఱాతి గుట్టలును, నగరమందలి సిమెంటు కట్టడములును పగలెల్ల వేడిని త్రాగి, రాత్రి దానిని మెల్లమెల్లగ వదలును. అందుచేత హనుమకొండ, కాజీపేట, వరంగల్లు వీథులలో తెల్లవాఱుజాము వఱకును గోడలు వెచ్చగనే యుండును.

ఎండలన్నియు వడగాడ్పులు కావు. భారత వాతావరణ శాఖవారు దీనికొక కొలత యేర్పఱచిరి. మైదాన ప్రాంతమున పగటి వేడిమి 40 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గక, ఆ దినమునకు సహజమైన వేడిమికంటె 4.5 డిగ్రీలైనను హెచ్చినచో అది వడగాడ్పు; 6.4 డిగ్రీలకు మించి హెచ్చినచో తీవ్రమైన వడగాడ్పు. సహజమైన వేడిమి యెంతయైనను సరే, 45 డిగ్రీలు చేరినచో వడగాడ్పనియు, 47 చేరినచో తీవ్రమైనదనియు పరిగణింతురు. 45 సెంటిగ్రేడు డిగ్రీలనగా 113 ఫారెన్‌హీటు డిగ్రీలు.

ఇక్కడ నొక సంగతి గమనింపవలెను. పత్రికలలో ప్రకటించు వేడిమి నీడలోని వేడిమియే. ఉష్ణమాపకమును తెల్లరంగు వేసిన జాలీపెట్టెలో, నేలకు కొంత యెత్తున నుంచి చూతురు. ఈ పెట్టెను కల్పించినవాడు థామస్ స్టీవెన్‌సన్ అను స్కాట్లండు దేశపు ఇంజనీరు. "ట్రెజర్ ఐలండు" అను కథను వ్రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ ఇతని కుమారుడే. కావున పత్రికలో 44 అని యున్నప్పుడు, నడియెండలో బస్తా మోయువాని వీపునకు తగులు వేడి యంతకంటె మిక్కిలి యెక్కువయని తెలిసికొనవలెను.

కుండ నీటి నెట్లు చల్లబఱచును?

మన యిండ్లలో వేసవి రాగానే రంజనును కడిగి, నీడలో ఇసుకమీద నుంచి, నీరు నింపుదురు. కొంతసేపటికి ఆ నీరు చల్లనగును. ఇందుకు కారణము సైన్సు తరగతిలో మీరు చదివియే యుందురు. మట్టికుండకు కంటికి కానరాని రంధ్రములు కలవు. వానినుండి నీరు వెలికి ఊరి, గాలి తగిలి ఆవిరియగును. నీరు ఆవిరి యగుటకు వేడి కావలెను. ఆ వేడిని అది కుండనుండియు లోని నీటినుండియు తీసికొనును. అందుచే మిగిలిన నీరు చల్లబడును.

మన దేహమును ఇట్టి కుండయే. దాని సహజమైన వేడిమి సుమారు 37 డిగ్రీలు, అనగా 98.6 ఫారెన్‌హీటు డిగ్రీలు. చర్మపు వేడిమి దీనికి కొంచెము తక్కువగ, దాదాపు 35 డిగ్రీలుండును. చుట్టునున్న గాలి చల్లగ నున్నంతవఱకు దేహపు వేడి దానిలోనికి పోవును. గాలి చర్మముకంటె వేడియైనచో వేడి బయటినుండియే దేహములోనికి వచ్చును. అప్పుడు మనలను కాపాడునది చెమట యొక్కటియే. ఒక లీటరు చెమట చర్మముమీద ఆవిరియైనచో సుమారు 580 కిలోకెలోరీల వేడిని వెంట గొనిపోవును. ఎండలో కష్టపడి పనిచేయువానికి గంటకొక లీటరు చెమట పోవుట వింత కాదు. మన పొడిగాలిలో ఆ చెమట పట్టినవెంటనే ఆఱిపోవును గనుక, తన దేహమున నెంత నీరు తగ్గినదో వానికే తెలియదు.

కుండ నీటిని చల్లబఱుపలేని సందర్భములు నాలుగు కలవు. అవి దేహమునకును వర్తించును.

మొదటిది, కుండలో నీరు తక్కువయగుట. నీరు లేనిదే ఊట లేదు. దప్పి యగువఱకు ఆగక, కొంచెము కొంచెముగ మాటిమాటికి నీరు త్రాగవలెననుట యిందుచేతనే.

రెండవది, రంధ్రములు పూడిపోవుట. పాతకుండ నీటిని చల్లబఱుపదు. వృద్ధులకు చెమట తక్కువగ పట్టును. కొన్ని జబ్బులకు వాడు మందులును చెమటను తగ్గించును. అట్టివారు వైద్యు నడిగి జాగ్రత్త పడవలెను. ఒంటిని బిగించు, గాలి చొరని బట్టలు ఈ రంధ్రములను మూసినట్లే. వదులైన నూలుబట్టలు మేలు.

మూడవది, గాలిలో తేమ హెచ్చుట. వర్షాకాలమున కుండనీరు చల్లబడదని తల్లులెల్ల రెఱుగుదురు. గాలి యదివఱకే తేమతో నిండియున్నచో చెమట కాఱును గాని ఆఱదు. ఆఱని చెమట చల్లబఱుపదు. కావున తేమగలనాడు 38 డిగ్రీలును ప్రమాదకరమే. జూను నెలలో తొలకరికి ముందు ఉక్కపోసెడి దినములలో, వేడిమి తగ్గెనని మోసపోరాదు.

నాలుగవది, కుండ నెండలో నుంచుట. ఇట్టి పని యెవరును చేయరు. మనము కుండను నీడలో నుంచి, దానిపై తడిబట్ట కప్పెదము. అంతటి శ్రద్ధ మనుష్యుని యెడల చూపుచున్నామా? ఇదియే మనము విచారింపవలసిన ప్రశ్న.

వడదెబ్బ లక్షణములు, ప్రథమ చికిత్స

చెమటతో నీరును ఉప్పును తఱిగినపుడు మొదట కాళ్ళపిక్కలు పట్టును. పిమ్మట తలనొప్పి, తలతిప్పు, వాంతి, నీరసము కలుగును. ఈ స్థితిలో నీడకు చేర్చి, నీరు, మజ్జిగ, లేక ఉప్పు చక్కెర కలిపిన నీరు త్రాగించినచో కోలుకొందురు. ఒక లీటరు మంచినీటిలో ఆఱు సమ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపినచో ఆ నీరు సిద్ధమగును. ఉప్పు అంతకు మించరాదు.

ఈ గుఱుతులను లక్ష్యపెట్టనిచో దేహపు వేడిమి 40 డిగ్రీలు, అనగా 104 ఫారెన్‌హీటు డిగ్రీలు దాటును. అప్పుడు మనుష్యుడు పొంతనలేని మాటలాడును, తడబడును, మూర్ఛ పోవును. చర్మము కాలుచుండును. తఱచు చెమట యాగిపోవును. అయితే కాయకష్టము చేయుచు పడిపోయినవానికి చెమట పట్టుచునే యుండవచ్చును. కావున చెమటను బట్టి గాక మాట తీరును బట్టి గుర్తింపవలెను. ఇదియే వడదెబ్బ. ఇందు ప్రతి నిమిషము విలువైనదే. వెంటనే 108కి కబురుచేసి, బండి వచ్చువఱకు ఊరకుండక, రోగిని నీడకు మార్చి, బట్టలు వదులుచేసి, దేహమంతయు నీటితో తడిపి, విసరుచుండవలెను. మెడ, చంకలు, గజ్జలయందు మంచుగడ్డగాని తడిగుడ్డగాని యుంచవలెను. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. జ్వరపు మాత్ర ఇందు పనికిరాదు. ఇది జ్వరము కాదు.

పంకాను గుఱించియు నొకమాట. గాలి 40 డిగ్రీలకు మించినపుడు, పొడి దేహముమీద తిరుగు పంకా కొలిమితిత్తివలె వేడిగాలినే ఊదును. ఒంటిని తడిపి పంకా క్రింద గూర్చుండిననే మేలు.

ఎవరు బలియగుచున్నారు?

2003వ సంవత్సరపు వేసవిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగ వడగాడ్పునకు బలియైరి. 2015 మే నెల కడపటి దినములలో మఱల నట్టి విపత్తు కలిగెను. ఆ యేడు దేశమున రెండువేలమందికి మించి మరణింపగా, వారిలో నధికభాగము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. మృతులలో పెక్కురు కూలిపని చేయువారు, వృద్ధులు, నిలువ నీడలేనివారు.

మన చుట్టు చూచినను ఇది బోధపడును. ఏనుమాముల మార్కెట్టునకు మిరపకాయలు వచ్చునది ఎండలు ముదురు కాలముననే. హమాలీలు బస్తాలు మోయునది అప్పుడే. ములుగు, భూపాలపల్లి యడవులలో తునికాకు కోయునది ఏప్రిలు, మే నెలలలోనే. ఉపాధి హామీ పనివారు చెఱువుమట్టి త్రవ్వునదియు వేసవిలోనే. వీరు ఎండను కోరి పోవువారు కారు. ఆ దినపు కూలి లేనిదే ఆ రాత్రి పొయ్యి వెలుగదు. ఇంటనుండుడని వారికి చెప్పుట సులభము. వారికి పనివేళ మార్చి, నీరు నీడ కల్పించుటయే నిజమైన సాయము.

అది సాధ్యమే యనుటకు నిదర్శన మున్నది. 2010 మే నెలలో గుజరాతులోని అహమ్మదాబాదు నగరమున 46.8 డిగ్రీల యెండ కాసెను. ఆ నెలలో సహజముగ కలుగు మరణములకంటె 1,300కు పైబడి హెచ్చుగ కలిగెను. ఆ నగరమువారు 2013లో వేసవి కార్యప్రణాళిక నొకదానిని తయారుచేసిరి. ముందుగ హెచ్చరికలు చేయుట, చలివేంద్రములు పెట్టుట, వైద్యులకు శిక్షణ నిచ్చుట అందలి ముఖ్యాంశములు. పిమ్మట మన రాష్ట్రములును అట్టి ప్రణాళికలను గైకొనెను. తెలంగాణ ప్రభుత్వము 2025 ఏప్రిలులో వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగ ప్రకటించి, మృతుని కుటుంబమునకు 4 లక్షల రూపాయల సాయము నిర్ణయించెను. ఇది మంచిదే. కాని పోయిన ప్రాణమును ధనము తేజాలదు. ఒక కుండ నీరును, ఒక పందిరి నీడయు ముందే దొరకినచో ఆ సాయముతో పనియే యుండకపోవచ్చును.

మారుచున్న ఋతువులు

ఇది పూర్వకాలపు ఎండయేనని కొందఱందురు. పూర్తిగ నట్లు కాదు. బొగ్గు, చమురు మండించుటచే గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువు భూమి వేడిని వెలికి పోనీక పట్టియుంచుచున్నది. కొలతలు గైకొన్న నాటినుండి 2024 మిక్కిలి వేడియైన సంవత్సరమని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. గాలి యొక్క డిగ్రీ వేడెక్కినచో, సుమారు నూటికి ఏడువంతులు హెచ్చుగ ఆవిరిని మోయగలదు. ఆ యావిరి ఉక్కపోతను పెంచును, కుంభవృష్టినిగూడ కురియించును. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటయందు ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వర్షము పడెను. ఆ వానలకే మన భద్రకాళి చెఱువు కట్ట తెగెను. మండుటెండయు ముంచువానయు వేఱు వేఱు చుట్టములు కారు. ఒక యింటి బిడ్డలే.

ఇట్టి కాలమున పూర్వుల తెలివి మఱల కావలసివచ్చుచున్నది. గణపతిదేవుని కాలమున కట్టిన పాకాల చెఱువు నేటికిని నీరిచ్చుచున్నది. వాననీటి నాపి వేసవికి దాచుట కాకతీయులు నేర్పిన విద్య. చెఱువును, చెట్టును కాపాడుట వడగాడ్పునకు వేయు దీర్ఘకాలపు మందు.

సెలవులలో మనము చేయదగిన పనులు

విద్యార్థులారా! మీరు త్వరలో సెలవులకు ఇండ్లకు పోవుదురు. పదునొకండు గంటలనుండి నాలుగు గంటలవఱకు ఎండలో ఆటలాడకుడు. దేహము ఎండకు అలవాటు పడుటకు ఒకటి రెండు వారములు పట్టును. కావున ఎండలు ముదిరిన తొలిదినములలో మఱింత మెలకువ వలయును. ఉదయమున అంబలియో, చల్లయో త్రాగి కదలుడు. తలకు రుమాలు చుట్టుకొనుడు. నిలిపిన మోటారు బండిలో చిన్నపిల్లలను క్షణమైనను విడువకుడు.

తలిదండ్రులారా! ఇంటిపని, పొలముపని చేయించువారు వేకువజామున మొదలుపెట్టించి, ఎండ ముదురకముందే ఆపించి, సాయంకాలమున మఱల చేయింపవచ్చును. కూలి తగ్గింపక వేళ మార్చుట పెద్ద దానమే.

తుదకొక చిన్న పని యందఱకును కలదు. మీ వీథిలో ఒంటరిగ నున్న వృద్ధు లెవరో చూచి, మధ్యాహ్నమున నొకసారి వారి తలుపు తట్టుడు. నీరు త్రాగితిరా యని యడుగుడు. వారి మాట తీరు గమనింపుడు. మీ వాకిట చెట్టునీడను ఒక రంజను పెట్టి, దారిన పోవువారికి నీరిండు. పక్షులకై ఒక మూకుడులో నీరు పోయుడు. కుండకు మనము చూపు శ్రద్ధను తోడి మనుష్యునికిని చూపినచో, ఈ వేసవిలో మన యూర నొక్క ప్రాణమైనను నిలుచును. చదివిన చదువున కంతకంటె ఫలమేమి కావలెను?