మెత్తని బిడ్డ బడికి వెళ్లే వేళ



ఎలమంచిలిలో విచారణ కుటుంబాల దర్శనానికి వెళ్లినప్పుడు, ఒక్కోసారి తల్లి బిడ్డను అందిస్తూ "ఫాదర్ గారూ, వీడు దూదిమూటలా జారిపోతున్నాడండి" అంటుంది. కండరాల బిగువు తక్కువైతే అలాగే ఉంటుంది. ఇది జబ్బు కాదు, లక్షణం. కారణం డౌన్ సిండ్రోమ్ కావచ్చు, మెదడుకో కండరాలకో సంబంధించినది కావచ్చు, థైరాయిడ్ లోపమూ కావచ్చు. థైరాయిడ్ లోపానికి తొలి వారాల్లోనే మందు మొదలుపెడితే మెదడు ఎదుగుదలను కాపాడుకోవచ్చు. కనుక "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అని కూర్చోకండి. నాలుగు నెలలకు మెడ నిలవకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా డాక్టరుకు చూపించండి. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచిత పరీక్షలున్నాయి, అంగన్‌వాడీలో అడగండి.

పెద్ద కారణమేదీ లేని పిల్లలు చాలామంది ఆలస్యంగానైనా నడుస్తారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు చిక్కు బడిలో మొదలవుతుంది. బల్లమీద వాలిపోతాడు, నాలుగు వరుసలు రాసేసరికి వేళ్లు నొప్పంటాడు, ఆటలో ముందే అలిసిపోతాడు. వెంటనే సోమరి అనే పేరు పడుతుంది. (సత్యోపదేశం తరగతిలో "నిటారుగా కూర్చో" అని గద్దించినవారిలో నేనూ ఉన్నాను.) కండరం మెత్తనైనంత మాత్రాన బుద్ధి మందమని కాదు. పాదాలు నేలకు ఆనే కుర్చీ, లావుపాటి పెన్సిలు, రాతకు నడుమ కాస్త విరామం ఇప్పించండి. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు ఇంట్లో ఆటలా చేయించండి. జూన్‌లో బడి తెరిచిన రోజునే ఈ సంగతి టీచరుగారికి చెప్పి రండి.