మీటర్ బోర్డు లైట్లు మిణుకుమంటుంటే...

ప్రశ్న: మాది ఎనిమిదేళ్ల పెట్రోల్ కారు. రాత్రిపూట ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే మీటర్ బోర్డు లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. బ్యాటరీ మార్చాలా?
– ఓ పాఠకుడు, దేవరకొండ

జవాబు: తొందరపడి బ్యాటరీ కొనకండి. ముందు బానెట్ ఎత్తి టెర్మినళ్లు చూడండి. తెల్లగానో పచ్చగానో బూజులా పేరుకుంటే, ఇంజిన్ ఆపి, మైనస్ వైరు మొదట ఊడదీసి, వంటసోడా నీళ్లతో రుద్ది, ఆరాక గట్టిగా బిగించి వాసెలిన్ రాయండి. బాడీకి తగిలించిన ఎర్త్ వైరు కూడా కదిపి చూడండి. చాలామంది దాని జోలికే పోరు. ఆ తర్వాత మల్టీమీటర్ పెట్టండి. ఇంజిన్ ఆపి ఉంటే సుమారు 12.6, నడుస్తుంటే 14 వోల్టులకు అటూఇటుగా చూపాలి. నడుస్తున్నా 13 దాటకపోతే లోపం ఆల్టర్నేటర్‌లోనో, దాని బెల్టులోనో ఉన్నట్టే. బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగినా, కాలిన వాసన వచ్చినా బండి పక్కకు ఆపి ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆ స్థితిలో రాత్రిపూట నల్లగొండ దాకా నడిపే సాహసం చేయొద్దు.