గాలితో కదలు యంత్రబాహువు

పక్షవాతము వచ్చినవాని చేయి చచ్చుబడినదని మనము అనుచుందుము. ఉర్దూలో ఫాలిజ్ అనబడు ఈ వ్యాధిలో నిజమునకు దెబ్బతిన్నది చేయి కాదు. దానికి ఆజ్ఞలిచ్చు మెదడు భాగము. ఒకే కదలికను వందలసార్లు అభ్యసించినచో, మెదడులోని మిగిలిన భాగములు ఆ పనిని కొంతవరకు నేర్చుకొనగలవు. వ్యాయామ చికిత్సకు ఇదియే మూలము.

కాని ఒక చికిత్సకుడు రోగి చేతిని ఎన్నిసార్లు ఎత్తి దింపగలడు? ఆయనకును అలసట కలదు. ఆయనకై వేచియున్న రోగులును కలరు. ఈ లోటు తీర్చుటకే యంత్రబాహువులు పుట్టినవి. వానిలో గాలితో పనిచేయువానిని పరిశీలింతము.

1950ల దశకములో అమెరికాలోని లాస్ అలమోస్‌లో భౌతిక శాస్త్రవేత్తయైన జోసెఫ్ మెక్‌కిబ్బెన్, పోలియో సోకిన తన కుమార్తె కొరకు ఒక కృత్రిమ కండరమును ఉపయోగములోనికి తెచ్చెను. దాని నిర్మాణము సులభము. రబ్బరు గొట్టముపై ఏటవాలుగా అల్లిన తొడుగు ఉండును. వాయువు నింపినచో గొట్టము లావగును; అల్లిక దారములు సాగవు గనుక పొడవు తగ్గును. ఆ తగ్గుదలయే చేతిని లాగును. మన కండరము వలెనే ఇదియు లాగగలదే గాని నెట్టలేదు.

అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయపు 'రూపర్ట్' యంత్రము ఇట్టి కండరములతోనే పనిచేయును. గాలి ఒత్తిడికి లొంగునది గనుక, బిగుసుకొన్న చేతిని ఇది మొరటుగా లాగదు. అయితే ఆ మెత్తదనము వలననే దానిని ఖచ్చితముగా నడుపుట కష్టము.

ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు గాలి సిలిండర్లతో నడచు 'న్యూ-రెక్స్' యంత్రముపై పనిచేయుచు ఒక వింతను గమనించిరి. యంత్రము సాయపడినకొలది రోగి తన ప్రయత్నమును తగ్గించుకొనుచుండెను! అందుచే సాయము తనంతట తాను క్రమముగా తగ్గునట్లు వారు ఏర్పాటు చేసిరి. ఈ విధానమును 2008లో ప్రకటించిరి.

యంత్రమే సర్వస్వమని భ్రమపడరాదు. బ్రిటన్‌లో 770 మంది రోగులపై జరిగిన రాటుల్స్ పరిశీలన ఫలితములు 2019లో వెలువడినవి. అందు వాడినది విద్యుత్ మోటార్ల యంత్రము. సాధారణ చికిత్స కంటె అది చేతి పనితనమును మెరుగుపరచినట్లు తేలలేదు.

విద్యార్థులమైన మనకు ఇందులో ఒక పాఠము కలదు. చేయి పట్టి నడిపించువారు ఎందరున్నను, నేర్చుకొనవలసినది మన మెదడే. ఉత్తమ గురువు వలె, ఉత్తమ యంత్రమును తగిన వేళకు చేయి వదలవలెను.