చిన్నయింటికి తగిన ఏరియల్

2004 డిసెంబరు 26వ తేదీన సునామీ అండమాను దీవులపై విరుచుకొని పడినప్పుడు టెలిఫోను మార్గములు తెగిపోయెను. హైదరాబాదునందలి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన కొందరు ఔత్సాహికులు అంతకుముందే పోర్టుబ్లెయిరునకు పోయి రేడియో యంత్రములను నెలకొల్పుకొని యుండిరి. ఆప్తుల క్షేమము తెలియక తల్లడిల్లుచున్న పలువురకు వారి మూలముగా వార్తలు చేరెను. ఇట్టి పనికి యంత్రమొక్కటే చాలదు. వార్తను ఆకాశములోనికి విడుచునది ఏరియల్.

ఏరియల్ పొడవు తరంగదైర్ఘ్యమును బట్టి యుండును. రేడియో తరంగములు సెకండునకు 30 కోట్ల మీటర్లు పోవును. సెకండునకు 70 లక్షల కంపనములు గల తరంగము పొడవు, భాగించి చూచినచో, సుమారు 43 మీటర్లు. అందులో సగమునకు కొంచెము తక్కువగా, అనగా 20 మీటర్ల రాగితీగ కావలెను. దానిని నడుమ తెంచి, అచ్చట కేబులు కలుపుదురు. తోట గలవారికి ఇది సులభము. 12 మీటర్ల డాబా మాత్రమే గలవాడేమి చేయును?

డాబా నడుమ 6 మీటర్ల వెదురుగడ నిలిపి, దాని కొనకు తీగ నడిమి భాగమును కట్టి, రెండు చేతులను పిట్టగోడలపై నిలిపిన ఎత్తుకర్రల వైపు ఏటవాలుగా దింపవచ్చును. ఒక్కొక్క చేయి 10 మీటర్లు గదా! కర్ర చేరునప్పటికి ఏడు మీటర్ల వరకు చెల్లును. మిగిలినదానిని మూలనున్న కర్రకు మడచి కట్టవలెను. దీనివలన పెద్ద నష్టము లేదు. విద్యుత్ప్రవాహము తీగ నడుమ అధికముగాను, కొనలయందు దాదాపు శూన్యముగాను ఉండును. అయితే కొనలయందు వోల్టేజి హెచ్చు; కావున అవి చేతికందరాదు.

ఆ మాత్రము తావును లేనిచో వసారాలో మీటరు వెడల్పుగల రాగివలయము నుంచి, దానికి కండెన్సరు చేర్చుదురు. పౌనఃపున్యము కొంచెము మారినను దానిని మరల సవరింపవలెను. తీగను చుట్టచుట్టి పొట్టిచేయు పద్ధతియు కలదు. అందు శక్తి కొంత వేడిగా మారి వృథయగును. అమ్మజూపువాడు ఈ సంగతి చెప్పకపోవచ్చును.

ఎవరితో మాటలాడవలెనో ముందు తెలిసికొనవలెను. నిలువుకడ్డీ దూరదేశములకు మేలు. తక్కువయెత్తున కట్టిన తీగనుండి తరంగములు మింటికెగసి, ఐయనోమండలమునుండి మరలి, కొన్నివందల కిలోమీటర్లలోనే దిగును. తుపాను వేళ పిలువవలసినది పొరుగు జిల్లాను గాని అమెరికాను కాదు!

గడ ఒరిగినను కరెంటు తీగలకు తగులనంత దూరముండవలెను. లేనిచో ఆ డాబాపై గడ యెత్తనేరాదు. ఉరుములు వినబడకముందే కేబులు ఊడదీయవలెను. ప్రభుత్వ పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందినవారే వార్తలు పంపవచ్చును. మన దేశమున వారికి వి.యు. అను అక్షరములతో మొదలగు పిలుపుపేరు లభించును.