మధుమేహం బయటపడిన మొదటి రోజులు

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలన్న మాటను బడిలో అప్పగించిన వాళ్ళమే మనమందరం. ఆ మాటలోని బరువు మాత్రం పరీక్షాలయం నుండి ఒక చిన్న కాగితం చేతికి వచ్చిన రోజున గాని తెలియదు. ఈ వ్యాసకర్తకు ఆ కాగితం గత సంవత్సరం వచ్చింది. పరగడుపున తీసిన రక్తంలో చక్కెర డెసిలీటరుకు 168 మిల్లీగ్రాములు. ముప్పయ్యారేళ్ళ వయస్సులో, ఏ బాధా ఎరుగక పాఠాలు చెప్పుకుంటున్న నాకు అది నమ్మశక్యం కాలేదు. ఇంటికి వచ్చి చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న చక్కెరను గురించినది కాదు. "అయితే కిడ్నీలు పోతాయా, నాయనా?" అన్నది.

టెక్కలి, పలాస ప్రాంతాలవారికి ఆ ప్రశ్న సహజమైనదే. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కళకళలాడే ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్నో ఇండ్ల దీపాలను ఆర్పివేసింది. అందుచేత ఇక్కడ మధుమేహమని తెలిసిన మనిషి రెండు భయాలను ఒక్కటిగా మోస్తాడు. ఆ రెంటినీ విడదీసి చూపుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు వ్యాధులు, రెండు దారులు

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో కనబడుతున్న మూత్రపిండాల వ్యాధికి కారణమేమిటో శాస్త్రజ్ఞులు ఇంకను నిర్ధారించలేదు. ఆ రోగులలో చాలమందికి మధుమేహం లేదు. ఎక్కువమంది ఎండలో శ్రమించే రైతులు, కూలీలు. ఇటువంటి వ్యాధియే శ్రీలంక ఉత్తర మధ్య పరగణాలోను, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాలలోను ఉన్నది. ఈ బాధను గుర్తించియే హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి మంచినీరు తెచ్చే పథకాన్ని, పలాసలో 200 పడకల ఆసుపత్రిని, కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు.

మధుమేహం వల్ల మూత్రపిండాలు చెడే దారి వేరు. దాని కారణం తెలిసినదే. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి హెచ్చుగా ఉన్నప్పుడు మూత్రపిండాలలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని, ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారిపోతుంది. ఇది ఒక్క రోజులో జరిగేది కాదు. తొలిదశలోనే పరీక్షలో పట్టుబడుతుంది. పట్టుబడినప్పుడు మందులతో దాని వేగాన్ని చాలవరకు తగ్గించవచ్చు.

ఈ భేదం వల్ల మన ప్రాంతపు మధుమేహ రోగి గుర్తుంచుకోవలసిన విషయం ఒకటున్నది. ఉద్దానం వ్యాధిలో మూత్రంలో మాంసకృత్తు పెద్దగా కనబడకపోవచ్చును. కనుక మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష రెండూ కావలెను. ఒకటి చేయించుకొని రెండవది మానుట తగదు. మధుమేహమని తెలిసిన వెంటనే ఒకసారి, ఆపైన ఏడాదికొకసారి ఈ రెంటినీ చేయించుకోవాలి.

కాగితంలోని అంకెలు

పరగడుపున చక్కెర 126 మిల్లీగ్రాములు, లేదా గత రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, అంతకు మించితే మధుమేహమంటారు. లక్షణాలేవీ లేనివారికి రెండవ పరీక్షతో రూఢి చేసుకోవాలి. నేనును అట్లే చేశాను. రెండవ కాగితం కూడా మొదటిదాని మాటనే చెప్పింది.

ఇది ఒక్కరి కష్టం కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటితమైన అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహమున్నది. మరి 13 కోట్లమందికి పైగా దాని అంచున ఉన్నారు. 1921లో కెనడా దేశంలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను కనుగొనకముందు, బాల్యంలో ఈ వ్యాధి వచ్చినవారికి బ్రతుకు మీద ఆశ ఉండేది కాదు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి సూది మందు వేశారు. ఆ రోజులతో పోల్చుకుంటే నేటి రోగి అదృష్టవంతుడే.

తొలి సంవత్సరాల విలువ

మధుమేహం కొత్తగా బయటపడిన 5,102 మందిని చేర్చుకొని 1977లో బ్రిటన్‌లో ఒక మహాపరిశోధన మొదలైనది. దాని ఫలితాలు 1998లో వెలువడినవి. చక్కెరను గట్టిగా అదుపు చేసినవారిలో కండ్లకు, మూత్రపిండాలకు సంబంధించిన ఉపద్రవాలు నాలుగవ వంతు తగ్గినవి. అంతకన్న ఆశ్చర్యకరమైన సంగతి 2008లో తేలింది. పరిశోధన ముగిశాక రెండు వర్గాలవారి చక్కెర స్థాయిలు ఏడాదిలోనే సమానమైనా, తొలినాళ్ళలో జాగ్రత్తపడినవారికి ఆ మేలు పదేళ్ళ తర్వాతను నిలిచియే ఉన్నది. "ఇప్పుడేమీ బాధ లేదు కదా, తర్వాత చూద్దాం" అనుట ఎంత పొరపాటో దీనివల్ల గ్రహించవచ్చు.

నిత్యకృత్యం

అన్నం బొత్తిగా మానవలసిన పని లేదు, తగ్గించాలి. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు, పావు వంతు పప్పో చేపో, మిగిలిన పావు అన్నం అన్నది నేను పాటిస్తున్న కొలత. చోడి అంబలి మంచిదే గాని, చోళ్ళలో పిండిపదార్థం లేదనుకొని చెంబులకొద్దీ త్రాగరాదు. పనస తొనలు ఒకటి రెంటితో ఆపాలి. పండుగనాటి షీర్ ఖుర్మా గిన్నె నిండా కాక రుచికి చాలు. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు వడిగా నడవాలి.

ఒళ్ళు నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకొని డైక్లోఫెనాక్ వంటి బిళ్ళలు పదేపదే మ్రింగే అలవాటు మన పల్లెలలో ఉన్నది. అది మూత్రపిండాలకు హాని. వేర్లు, పసరు మందుల కోసం వైద్యుడిచ్చిన మాత్రలు మానుటయు అంతే. ఇన్సులిన్‌గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలుగాని వాడేవారికి చక్కెర 70కి దిగువకు పడిపోవచ్చు. చెమట, వణుకు, తత్తరపాటు దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్ళు త్రాగి, పావుగంట తర్వాత మళ్ళీ పరీక్షించుకోవాలి.

రంజాన్ మాసం రాకముందే, ఆరు ఏడు వారాలు ముందుగా వైద్యుని కలిసి ఉపవాసం ఉండదగునో లేదో అడిగి, మందుల వేళలు మార్పించుకోవాలి. రోగికి ధర్మం సడలింపు ఇచ్చినది. దానిని స్వీకరించుట లోపం కాదు.

విద్యార్థులారా, మీ ఇండ్లలో నలభై దాటిన తల్లిదండ్రులు ఎందరో ఈ పరీక్ష ఎన్నడూ చేయించుకొని ఉండరు. కాగితంలోని అంకెలు చదివి వారికి విడమరచి చెప్పగలిగినది మీరే. ఈ సెలవులలో ఒక్క ఉదయం వారిని పరగడుపున ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. కళాశాల కమిటీ పెద్దలు ఏడాదికొక రోజు మన ఆవరణలోనే రక్త, మూత్ర పరీక్షలు జరిపిస్తే విద్యార్థుల కుటుంబాలకు గొప్ప మేలు చేసినవారవుతారు.

నా మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ రెండూ హద్దులోనే ఉన్నట్లు తేలిన నాడు మా అమ్మకు ఆ కాగితం చదివి వినిపించాను. ఆమె దానిని మడిచి తన పెట్టెలో భద్రపరచింది. "వచ్చే ఏడు కూడా తెచ్చి చూపించు" అన్నది.