నీ వరం ఏదో చూద్దామా, చెల్లె?

ముందు చాయ్ తాగు చెల్లె, నిమ్మళంగా మాట్లాడుకుందాం. ధ్యాన కూటాల్లో ఒకరు భాషల్లో స్తుతిస్తారు, ఒకరు రోగుల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. నార్కట్‌పల్లికి తిరిగొచ్చే బస్సులో మనకు ఒకటే దిగులు: దేవుడు నాకేమీ ఇయ్యలేదా?

ఎందుకియ్యలేదు? భద్రమైన అభ్యంగనం నాడు మేత్రాణులు నుదుట తైలం రాసింది యాదికి తెచ్చుకో. జ్ఞానం, వివేకం, మంచి ఆలోచన, ధైర్యం, తెలివి, భక్తి, దైవభీతి. పవిత్రాత్మ ఇచ్చే ఈ ఏడు వరాలూ మనందరివి, మన బతుకు దిద్దుకోవడానికి. ఇవిగాక పక్కవాళ్ల మేలు కోసం ఒక్కొక్కరికీ ఒక్కో వరం. సేవ, బోధ, దానం, కరుణ కూడా వరాలేనని పునీత పౌలు రోమీయులకు రాశాడు. ఇవి గురువులకూ కన్యస్త్రీలకూ మాత్రమే కాదు, మనలాంటి మామూలు విశ్వాసులకూ అందుతాయని 1964లో రెండవ వాటికన్ మహాసభ కూడా చెప్పింది.

మరి మనదేదో తెలిసేదెట్లా? ఏ పని చేస్తే అలసటలోనూ సంతోషంగా ఉంటుంది? ఏ అవసరమొస్తే జనం మన తలుపు తడతారు? నువ్వు ఓపిగ్గా వినేదానివైతే, కామినేని ఆసుపత్రిలో మనవాళ్లెవరైనా ఉన్నప్పుడు వెళ్లి కాసేపు పక్కన కూర్చో. చెప్పడం వస్తే పిల్లలకు సత్యోపదేశం చెప్పు. మన నల్గొండ మేత్రాసనం ఏర్పడింది 1976లో. అంతకుముందు నుంచే పల్లెల్లో జపాలు నేర్పిన ఉపదేశులు లేకుంటే విశ్వాసం మన గడపదాకా వచ్చేదా?

"నాకు వరముందని నేనే అనుకుంటే గర్వం కాదా?" అంటావేమో. అందుకే ఒక్కదానివే తేల్చుకోకు, విచారణ గురువులతో మాట్లాడు. వరాన్ని పరీక్షించే బాధ్యత తిరుసభ పెద్దలది. ఇంకో మాట, స్వస్థత ప్రార్థన చేయించుకున్నామని బీపీ గోళీలు మానొద్దు, ఎవరినీ మాననియ్యొద్దు.

పక్కామె వరం పెద్దగా కనబడి మనసు చివుక్కుమంటే? కొరింతీయుల మొదటి లేఖ 12వ అధ్యాయం చదివి అక్కడే ఆగకు, 13 కూడా చదువు. ప్రేమ లేకుంటే ఎంత గొప్ప వరమైనా వట్టిదేనని పౌలు తేల్చేశాడు. ఇంక పోలికలెందుకు మనకు?

ఈ ఆదివారం పూజ అయినంక ఫాదర్ గారి దగ్గరికెళ్లి ఒక్క చిన్న పని అడిగి తీసుకో. నెలపాటు విడవకుండా చెయ్యి. నీ వరం నీకే తెలిసొస్తుంది, చెల్లె.